బుగులున్న అమ్మను ఎత్తుకపోయే కథ రాస్తున్న: ఆమె మాట చదివేటోళ్లు నమ్మాల్నా, వద్దా?

దారపుండ, హన్మకొండ:

అందరికి నమస్తే. నాది హన్మకొండల చిన్న టైలరింగ్ షాపు. పగలంతా జాకెట్లు, ఫాల్సులు. రాత్రి తొమ్మిది దాటినంక కట్టింగ్ టేబుల్ మీదనే నోట్‌బుక్ ఏసుకొని ఒక సస్పెన్స్ నవల రాస్తున్న. పదకొండు చాప్టర్లు గడగడ అయిపోయినయి. పన్నెండో దగ్గర దారం తెగింది. ఇరవై రోజులాయె, ఒక్క పేజీ కదల్లే.

కథ చెప్త. ఆమెకు 47 ఏండ్లు. పేరింకా పెట్టలె, "ఆమె" అనే నడుస్తున్నది. ఆరేండ్ల సంది బుగులు, అంటే విడువని భయం, డాక్టర్ రాసిన గోలీలు మింగుతది. 2024 ఫిబ్రవరి, మేడారం జాతర వారం. బిడ్డ జరం నుంచి బయటపడితే నిలువెత్తు బంగారం ఇస్తనని మొక్కుకున్నది. జనం అంటేనే ఆమెకు పానం పోతది, కాని మొక్కు మొక్కే కదా. కాంటా మీద నిలబడితే 62 కిలోలు తూగింది, అంత బెల్లం కొన్నరు (మేడారంల బెల్లాన్నే బంగారం అంటరు). 21 తారీఖు బుధవారం, సారలమ్మ గద్దెకొచ్చే రోజు, పొద్దుగాల బస్సెక్కుతందుకు పోయిన మనిషి బస్సెక్కలె. మొగడేమో వాడకట్టోళ్లతోని పోయిందనుకున్నడు. వాడకట్టోళ్లేమో ఇంకో బస్సుల వస్తున్నదనుకున్నరు. గురువారం రాత్రి, సమ్మక్క గద్దె మీదికి వచ్చినంక గాని ఎవరికీ సోయి రాలె.

ఆమె పేరు మీద ఎకరం ఇరవై గుంటల భూమి ఉన్నది, దాని మీద వేలిముద్ర ఏయించుకుందామని ఎత్తుకపోయిన్రు. ఎవరు ఎత్తుకపోయిండ్రన్నది నాకు తెలుసు, ఇక్కడ చెప్ప.

ఇప్పుడు అసలు సంగతి. దానికి మూడు రోజుల ముందటి నుంచే తెల్ల బొలెరో ఒకటి కనబడుతున్నదని ఆమె మొగనికి చెప్పింది. "ఏం లేదు, నువ్వు గోలీ ఏసుకున్నవా?" అన్నడు. ఆయన చెడ్డోడు కాదు, అది నాకు ముఖ్యం. ఆరేండ్లల్ల ఆమె చెప్పినయి ఎన్ని విన్నడో. సిలిండర్ లీకైతదేమో అన్నది, కాలే. బిడ్డ ఫోన్ ఎత్తకపోతే హాస్టల్ల ఏమన్న అయితదేమో అన్నది, పోరి పండుకున్నది అంతే. గుండె ఆగిపోతదేమో అన్నది, ఈసీజీ మంచిగొచ్చింది. బొలెరో కూడా పోయి ఆ కుప్పలనే పడ్డది. ఇంకా ఘోరం ఏందంటే ఆమెకే తన మీద నమ్మకం లేదు. కండ్లతోని చూసింది, అయినా "నాకు అలవాటే కదా" అనుకొని తలకాయ తిప్పుకున్నది.

నా ప్రశ్న ఇదే. బొలెరో నిజమని చదివేటోళ్లకు ముందే చెప్పాల్నా? చెప్తే సస్పెన్స్ పోతది. చెప్పకపోతే వాళ్లు కూడా మొగని లెక్కనే ఆమెను నమ్మరు. అట్ల వాళ్లను మోసం చేసినట్టు కాదా?

ఇదంతా ఊహించి రాస్తలేను. 2019ల బస్టాండ్ల నాకు మొదటిసారి వచ్చింది. చేతిల రెండు కిలోల లైనింగ్ బట్ట. ఉన్నట్టుండి గుండె దడదడ, వేళ్లు తిమ్మిరి, బస్టాండ్ మొత్తం నీళ్లల్ల మునిగినట్టు చెవులల్ల హోరు. చచ్చిపోతున్న అనుకున్న. దగ్గర్ల దవాఖానకు తీస్కపోతే ఈసీజీ తీసి, నా మొఖం కూడా చూడకుంట "ఏం లేదమ్మా, గ్యాస్" అన్నడు డాక్టర్. "ఏం లేదు" అన్న మాట నాకు అప్పటి సంది పడదు. ఉన్నది. గుండెల లేదు అంతే. దానికో పేరున్నదని ఇంకో డాక్టరమ్మ చెప్పేసరికి ఎనిమిది నెలలైంది.

పేరంటే యాదికొచ్చింది, ఇంకో తంటా. "యాంగ్జైటీ" అని రాస్తే మందుల చీటి లెక్క ఉంటది. "ఆందోళన" అంటే నాకు కలెక్టరేట్ ముందట టెంటు ఏసుకొని కూసున్నోళ్లే కనబడతరు. "రంది" అంటే అయిపోయినదాని గురించి. మా అమ్మమ్మ చచ్చిపోయిన కొడుకు రందిల పడ్డదంటరు గాని బుగుల్ల పడ్డదనరు. బుగులు అంటే ఇంకా రానిదాని గురించి. అందుకే నవల మొత్తం బుగులు అనే రాస్తున్న. ఆంధ్ర దిక్కోళ్లకు అర్థమైతదా?

పన్నెండో చాప్టర్ల ఆమెను ఎనుమాముల (వరంగల్ మార్కెట్ యార్డు) దిక్కు మిర్చి కోల్డ్ స్టోరేజ్ ఛాంబర్ల, చపాట మిర్చి బస్తాల మధ్యల నాలుగు రోజులు పెట్టిన. కండ్లకు గంతలు. బండి ఎన్ని మలుపులు తిరిగిందో లెక్కబెట్టుకుంట పోయింది. మిర్చి ఘాటుకు దగ్గుతుంటది. ఇక్కడే ఆగిన. ఏదో అబద్ధం కొడుతున్నది, ఏందో తెలుస్తలేదు.

నైట్‌డ్యూటీ:

అక్కా, అబద్ధం ఎక్కడుందో నేను చెప్త. మలుపులు లెక్కబెట్టుడు తీసెయ్, అది సినిమాలల్ల పోలీసాఫీసర్ చేసే పని. నేను స్టాఫ్ నర్సును, ఆరేండ్లు సైకియాట్రీ వార్డుల చేసిన, ఇప్పుడు క్యాజువాలిటీల ఉన్న. దడ వచ్చిన మనిషి తన శ్వాసనే పట్టుకోలేదు, రోడ్లేం లెక్కబెడతది? నీకు బస్టాండ్ల వచ్చింది కదా, అప్పుడు ఎన్ని బస్సులు పోయినయో చెప్పు.

శ్వాస గబగబ తీస్తే ఒంట్లకెళ్లి కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ పోతది. దాంతోనే వేళ్లకొసలు, మూతి చుట్టూ తిమ్మిరి. కొందరికి వేళ్లు కొక్కెం లెక్క వంకరపోతయి. ఇప్పుడు ఆలోచించు, ఆమె చేతులు కట్టేసి ఉన్నయి. ఆ తిమ్మిరి తాడుదా, బుగులుదా? ఆమెకు తెల్వది. ఇది రాయి.

ఇంకోటి, నాలుగు రోజులు ఒకే తీరు గుండె దడదడలాడదు. మామూలుగ పది నిమిషాలల్ల ముదురుతది, తర్వాత దిగుడే. దిగినంక మనిషి తడిసిన పత్తి మూట. నిద్ర ముంచుకొస్తది. ఒంటికొస్తది. ఎత్తుకపోయిన ఆడమనిషి కండ్లు తెరిచి మొదలు అడిగేది నీళ్లు కాదక్కా, బాత్రూం. కిడ్నాప్ నవలలు నేను చానా చదివిన, ఇది మాత్రం ఎవరూ రాయరు.

గోలీల సంగతి. ఏ గోలీ అన్నది నువ్వు చెప్పలె. ఎసిటలోప్రామ్ లాంటిది ఏండ్ల సంది వాడుతూ ఒక్కసారి బంద్ అయితే మొదటి రోజు పెద్దగ తెల్వది. చానా మందికి రెండు నుంచి నాలుగు రోజుల మధ్యల మొదలైతది. తల తిరుగుడు, కడుపుల తిప్పుడు, చిరాకు, పిచ్చి పిచ్చి కలలు. తలల కరెంటు చిటుక్కుమన్నట్టు అయితదని పేషెంట్లు చెప్తరు, కండ్లు పక్కకు తిప్పినప్పుడు ఇంకా ఎక్కువట. బుధవారం నాడు ఎత్తుకపోతే శుక్రవారం సాయంత్రం ఇది మొదలుపెట్టు. అన్నంల ఏదో కలిపిండ్రని ఆమె అనుకుంటది, తినుడు బంద్ చేస్తది. విషం లేకుంటనే విషం కథ నడుస్తది. క్లోనజెపామ్ లాంటిది ఏండ్లకొద్దీ రోజూ మింగేదైతే జాగ్రత్త, అది ఒక్కసారి ఆపితే ఫిట్స్ దాకా పోవచ్చు. అట్లయితే నీ కథ వేరే దిక్కు పోతది.

(ఇది చదివి ఎవరన్న సొంతంగ గోలీలు ఆపేరు. డాక్టర్‌ను అడిగి మెల్లగ తగ్గించుకోవాలె. రాత్రి ఒంటిగంటకు మాట్లాడే మనిషి కావాల్నంటే 14416, టెలి మానస్, తెలుగుల మాట్లాడతరు, పైసలు కట్టేది లేదు.)

అసలు ప్రశ్నకు జవాబు నీ పోస్టులనే ఉన్నది. మల్ల చదువుకో. సిలిండర్ "లీకైతదేమో". బిడ్డకు "ఏమన్న అయితదేమో". గుండె "ఆగిపోతదేమో". బొలెరో ఒక్కటే "చూసిన" అన్నది. వార్డుల మాకు ఎవరూ ఇట్ల పాఠం చెప్పలె, కాని బుగులున్నోళ్ల మాటలు రాత్రిళ్లు వినీ వినీ నాకు ఇది పట్టుబడ్డది. మొగడు ఈ తేడా వినలె. చదివేటోళ్లల్ల చెవి ఉన్నోళ్లు వింటరు. నువ్వు ఏమీ చెప్పే పనిలేదు, మోసం చేసినట్టూ కాదు.

దారపుండ:

చెల్లె, నీ పోస్టు మూడుసార్లు చదివిన. "ఏమో"లు నేను కావాలని పెట్టలె, నోట్లకెళ్లి అట్లనే వచ్చినయి. చేతులు వణుకుతున్నయి, ఇది మంచి వణుకుడు.

టైంపాస్:

అమ్మకు ఎందుకు రోగం పెట్టుడు? సానుభూతి కోసమా? ధైర్యంగ కొట్లాడే తల్లిని రాయరాదు. జనాలకు టెన్షన్లు తక్కువున్నయా.

దారపుండ:

తమ్మీ, జనం అంటే పానం పోయే మనిషి జాతరకు బయలెల్లింది. ధైర్యం ఇంకెట్లుంటది?

జెండాపాట:

అక్కా, ఎనుమాముల అన్నవు కాబట్టి దిగిన. ఇరవై ఏండ్ల సంది అడ్తిల (కమీషన్ దుకాణంల) గుమాస్తాను, రోజూ మిర్చిలనే ఉంట. కోపం చెయ్యకు, నీ చాప్టర్ల మూడు తప్పులున్నయి.

కోల్డ్ స్టోరేజ్ ఛాంబర్ల మనిషిని నాలుగు రోజులు పెడితే కిడ్నాప్ కాదు, శవమే. హమాలీలే బస్తాలు ఏసొచ్చి కొద్దిసేపు ఎండల నిలబడతరు. పైగా ఫిబ్రవరి అంటే సరుకు మీద సరుకు వచ్చే టైము. రాత్రంతా లారీలు, దడువాయిలు (కాంటా ఏసేటోళ్లు), హమాలీలు, ఛాయ్ పిలగాండ్లు. అన్ని కండ్ల నడుమ ఎట్ల దాస్తరు?

రెండోది చపాట. చపాట అంటే దొడ్డు మిర్చి. రంగుకు, పచ్చళ్లకు పేరు, ఘాటు తక్కువ. మన వరంగల్ చపాటకు 2025ల జీఐ ట్యాగ్ వచ్చింది, అందుకే నీకు ఆ పేరు నోట్లకొచ్చి ఉంటది. దానికి ఆమె దగ్గదు. తేజ పెట్టు. తేజ బస్తా మూతి విప్పితే చాలు, ముక్కు, కండ్లు, గొంతు ఒకటే మంట. ఊపిరి సగం దాకా పోయి ఆగుతది. కొత్తోళ్లు రాశి కాడ పది నిమిషాలు నిలబడలేరు.

మూడోది, జాగ నేను చెప్త. తొడిమలు తీసే షెడ్డు. మొఖానికి గుడ్డ కట్టుకొని ఆడోళ్లు వరుసగ కూసొని మిర్చి తొడిమలు తీస్తరు చూడు, అది. జాతర వారంల ఆ ఆడోళ్లంత మేడారం పోతరు. షెడ్డు ఖాళీ. మిర్చి దుమ్ము మాత్రం గోడలకు, రేకులకు పట్టుకొనే ఉంటది, ఫ్యాన్ ఏస్తే లేస్తది. కాపలావాడు ఉక్కపోసి ఫ్యాన్ ఏసిండనుకో, చూడు మజా.

దారపుండ:

అన్నా! ఆమెకు ఊపిరి ఆడకపోతే అది మిర్చిదా, బుగులుదా? నేను ఇరవై రోజుల సంది ఎతుకుతున్నది ఇదే.

పాతఖాకీ:

నమస్తే అమ్మా. రిటైరైన హెడ్ కానిస్టేబుల్‌ని, జాతర బందోబస్తులు చాలా చేసిన. రెండు మూడు విషయాలు సరి చేసుకోండి.

మీ కథ 2024 ఫిబ్రవరి కాబట్టి కేసు ఐపీసీ కిందనే ఉంటది, కొత్త చట్టం బీఎన్ఎస్ అమల్లోకి వచ్చింది ఆ ఏడాది జూలై 1 నుంచి. పైసల కోసం ఎత్తుకపోతే 364ఏ. ఇప్పటి కథ అయితే అదే బీఎన్ఎస్ 140లో ఉంది. ఇంకోటి, గార్డియన్ దగ్గర్నుంచి ఎత్తుకపోతే కిడ్నాప్ అంటది చట్టం, అది ముఖ్యంగా మైనర్ పిల్లల సంగతి. 47 ఏండ్ల తల్లిని బలవంతంగా తీసుకపోతే దాన్ని అబ్డక్షన్ అంటరు. నవల అట్ట మీద కిడ్నాప్ అనే వేసుకోండి, కాని ఎస్సై పాత్ర నోట మాత్రం సరిగ్గా పలికించండి. స్టేషన్ సీన్లు తప్పుగా ఉంటే మా బోటోళ్లు పుస్తకం పక్కన పడేస్తరు.

మొదలైతే "ఉమెన్ మిస్సింగ్" అనే ఎఫ్ఐఆర్ అయితది. 24 గంటలు ఆగి రమ్మనుడు అన్నది రూలు కాదు, అట్లన్నోడు తప్పు చేసినట్టే. కాని మీరు పెట్టిన జాతర వారం మాత్రం గట్టి ఎత్తు. సిబ్బంది అంతా మేడారంల ఉంటరు. తప్పిపోయినోళ్ల పేర్లు మైకులో పొద్దంతా పిలుస్తనే ఉంటరు, చానా మంది సాయంత్రానికల్ల దొరుకుతరు. ఈమెను కూడా ఆ లెక్కలోనే వేస్తరు. దానికి తోడు మొగడు స్టేషన్‌కొచ్చి "మా ఆవిడ నరాల గోలీలు వాడుతది సార్" అని పట్టీ టేబుల్ మీద పెడతడు. మంచికే పెడతడు. రైటర్ అది రాసుకున్న క్షణం నుంచి కేసు చల్లబడతది. "తనే ఎటో వెళ్లి ఉంటది" అంటరు. నేను కూడా ఒకప్పుడు అన్నోణ్ణే.

వేలిముద్ర సంగతి అయితే పాత సినిమా. అప్పటికి ధరణి (భూముల రిజిస్ట్రేషన్ పోర్టల్) నడుస్తున్నది. వ్యవసాయ భూమి అయితే స్లాట్ బుక్ చేసుకొని తహసీల్దార్ ఆఫీసులో మనిషి కూసొని బయోమెట్రిక్ ఇయ్యాలె. తెల్ల కాగితం మీద ముద్ర తీసుకొని ఏం చేస్తరు, ఫ్రేమ్ కట్టించుకుంటరా? కారణం మార్చుకోండి.

ఆమె దొరికినంక మేజిస్ట్రేట్ ముందు స్టేట్‌మెంట్ ఉంటది. ముద్దాయి తరఫు వకీలు కోర్టులో తప్పకుండా గోలీల చీటి తీస్తడు. గోలీలు మింగినంత మాత్రాన సాక్ష్యం చెల్లదని చట్టంలో లేదు. అడిగింది అర్థమై, జవాబు చెప్పగలిగితే చాలు. కాని ఆ ఐదు నిమిషాలు బోనులో ఆమె చేతివేళ్లు ఎట్లుంటయో మీరే రాయాలె, నాకు రాదు.

కాజీపేటపోరడు:

నేను రచయితను కాను. మా అమ్మకు బుగులు. నేను హైదరాబాద్‌ల ఉద్యోగం. ఆదివారం రాత్రి ఇంటికెళ్లి బయలెల్లితే అమ్మ జనగామ కాడ ఒక ఫోను, భువనగిరి కాడ ఒక ఫోను. విసిగొచ్చి భువనగిరిలనే "చేరిన" అని అబద్ధమాడుతుంటి. అక్కా, మీ మొగని పాత్రల నన్ను నేను చూసుకున్న. ఆయన్ను చెడ్డోణ్ణి చెయ్యకపోవుడు మంచిగుంది.

ఒకటి మాత్రం చెప్తా. ఎత్తుకపోయినంక ఆమె బిడ్డ గురించి, దేవుని గురించి పెద్ద పెద్ద మాటలు అనుకోదు. మా అమ్మ దవాఖానల సర్జరీకి తీస్కపోయేటప్పుడు స్ట్రెచర్ మీద నన్ను దగ్గరికి పిలిచి "నల్లా బంద్ చేసినవా" అన్నది. మీ ఆమెకు గ్యాస్ పొయ్యి పెట్టండి. చేతులు కట్టేసి ఉన్నా, "పొద్దుగాల పాలగిన్నె దించి నాబు తిప్పిన్నా, లేదా" అని అదే తిరుగుతుంటది.

ఇంకోటి, దొరికినంక కథ ఆపకండి. నాయినకు బైకు యాక్సిడెంట్ అయినంక మా ఇంట్ల లెక్క తిరగబడ్డది. ఇప్పుడు తాళం ఏసినంక మూడుసార్లు గుంజి చూసేది నాయిన. అమ్మ మెట్ల మీద నిలబడి "నడువు, ఏం లేదు" అంటది.

దారపుండ:

నాకు నాలుగైదు రాత్రుల పని ఇచ్చిండ్రు మీరంత. వేలిముద్ర తీసేసిన. (సార్, ఫ్రేమ్ కట్టించుకునే మాటకు మా ఆయన కూడా నవ్విండు.) భూమి తగాదా కోర్టుల ఉన్నది, శనివారం లోపల ఆమె ఒక కాయిదం సంతకం పెట్టకుంట ఆపాలె అన్నట్టు మార్చుకున్న. అంతకన్న ఇక్కడ చెప్ప. చెల్లె చెప్పిన బాత్రూం సీను మొదటి పేజీలనే పెట్టిన. పొయ్యి నాబు కూడా పెట్టిన, అది నాలుగు రోజులూ ఆమెతోనే ఉంటది.

పన్నెండో చాప్టర్ కొత్త ముక్క, రాత్రి రాసింది. జర చూసి చెప్పండి.

"ఫ్యాన్ తిరిగింది. కాసేపటికి గొంతుల గీరుకపోయినట్టు మంట. ఊపిరి సగానికొచ్చి ఆగింది. వచ్చింది, అనుకున్నది ఆమె. ఇది నాదే. గోలీ లేదు, ఇగ దిగదు. వేళ్లు తిమ్మిరెక్కినయి. తాడు బిగుసుకున్నదా, వేళ్లే వంకరపోతున్నయా? కండ్లు గట్టిగ మూసుకొని, ఆ డాక్టరమ్మ చెప్పినట్టు శ్వాస మెల్లగ ఇడుస్తందుకు చూసింది. సగం ఇడిసేసరికి తలుపు అవతల ఎవరో దగ్గిన్రు. మల్ల దగ్గిన్రు. కాపలా పిలగాడు. 'అబ్బ, ఏందిరా ఇది' అని తిట్టుకుంట ఫ్యాన్ బంద్ చేసిండు. ఆరేండ్లల్ల మొదటిసారి, ఆమెకు అయితున్నది ఇంకో మనిషికి కూడా అయింది. ఆమె గట్టిగ దగ్గింది. తనివితీర దగ్గింది."

జెండాపాట:

మంచిగుందక్కా. కాని పిలగాడు మార్కెట్ల పనిచేసేటోడైతే దగ్గడు, నెల తిరిగేసరికి ముక్కు మొద్దుబారుతది. మాకెవరికీ రాదు. వాడు కొత్తోడని ముందటి చాప్టర్ల ఎక్కడన్న ఒక్క మాట పడేయి. వాచ్‌మన్ బామ్మర్ది అను, ఊరికెళ్లి నిన్ననే వచ్చిండను.

తేజ రాశి ఎట్లుంటదో ఒకసారి చూసి రాస్తే ఇంకా మంచిగుంటది. శని, ఆదివారాలు యార్డు బంద్. సోమవారం జెండా పాట (ధర కట్టే వేలం) కాకముందే రా, బస్తాలు విప్పి ఉంటయి. మొఖానికి గుడ్డ తెచ్చుకో, నీ దగ్గర లైనింగ్ ముక్కలు ఉండనే ఉంటయి కదా.